ఆ ప్రభుత్వాలు చేసిన తప్పేమిటి?

మా అమ్మాయి సెలవుల్లో పట్టుకు కూర్చున్న ఇంగ్లిష్ నవలల్లో ఏముందో చూద్దామని, తండ్రిగా నా బాధ్యత కొద్దీ, నేనూ చదివాను. అన్నీ అమెరికావే. భవిష్యత్తులో ఒక ఊరు, ఊరంతటికీ ఒకటే పద్ధతి, ఆ పద్ధతి గిట్టని ఒక పిల్లో పిల్లాడో. చదివేవాళ్లంతా ఆ పిల్లల పక్షమే. పాపం, ప్రభుత్వం తరఫున మాట్లాడే నాథుడు లేడు. ఆ పని నేను చేస్తాను.

ఈ తరహా నవలలకు పెద్దదిక్కు లోయిస్ లోరీ 1993లో రాసిన ‘ది గివర్’. అందులో తొమ్మిదేళ్లు నిండిన ప్రతి పిల్లాడికీ సైకిలు ఇస్తారు. రేషన్ కార్డు జిరాక్స్ అడగరు. పన్నెండేళ్లకు, ఎవరు దేనికి పనికొస్తారో పెద్దలు చూసి ఉద్యోగం చేతిలో పెడతారు. నోటిఫికేషన్ లేదు, పేపర్ లీక్ లేదు, కోర్టు స్టే లేదు. పెళ్లి కావాలంటే అర్జీ పెట్టుకుంటే చాలు, గుణగణాలు చూసి సంబంధం వాళ్లే కుదురుస్తారు. ఇంత చేసినవాళ్లు విలన్లట!

అందులో నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలు తొడుక్కునే కోట్లకు బొత్తాలు వీపు వైపు ఉంటాయి. ఎవరిది వాళ్లు పెట్టుకోలేరు, ఒకరికొకరు పెట్టాలి. అలా సాయం చేసుకోవడం అలవాటవుతుందట. ఏడేళ్లకు గానీ ముందు బొత్తాల కోటు రాదు. మా రోజుల్లో బడి యూనిఫాం గురించి ఇంతగా ఆలోచించినవాడు బట్టల కొట్టు యజమాని ఒక్కడే.

ఇంకోచోట కథానాయకుడు ఒక ఆపిల్ పండు ఇంటికి పట్టుకుపోతాడు. వెంటనే మైకులో ప్రకటన: తినుబండారాలు తినడానికే గానీ దాచుకోవడానికి కాదని. పేరు మాత్రం చెప్పరు. మర్యాదస్తులు. మా హాస్టల్ వార్డెన్ అయితే పేరు, తండ్రి పేరు, ఫీజు బాకీ కలిపి చదివేవాడు.

అక్కడ రంగులు కనపడవని ఒక ఫిర్యాదు. సరే, అదొక లోటే. పనికిరాని వాళ్లను ‘విడుదల’ చేస్తారని ఇంకోటి. ఆ మాటకు అసలు అర్థం ఏమిటో బయటపడే పేజీని నేను గబగబా తిప్పేశాను, కాబట్టి దాని గురించి వ్యాఖ్యానించను.

2011లో వచ్చిన ‘డైవర్జెంట్’ మరీ దారుణం. షికాగో జనాన్ని అయిదు వర్గాలుగా విడదీస్తారు. పదహారేళ్లకు ఒక పరీక్ష పెడతారు. ఫలితం ఏదైనా సరే, మర్నాడు ఎవరి వర్గం వాళ్లే ఎంచుకోవచ్చు. అవును, వాళ్లే! మా ఇంట్లో ఎంపీసీనా బైపీసీనా అని తేల్చడానికి కూర్చున్న రోజున అమ్మాయిని పిలవడం మర్చిపోయాం. విశాఖపట్నంలో ఉన్న మా బావగారికి మాత్రం ఫోన్ చేశాం.

ఇక ఆ తిరుగుబాటుదార్ల సంగతి. చాలావరకు పదహారేళ్ల అమ్మాయిలే. ఎవరికి వాళ్లు తాము మామూలు పిల్లలమనే అనుకుంటారు, చుట్టూ మాత్రం ఇద్దరు కుర్రాళ్లు తిరుగుతుంటారు. కథ మూడు భాగాలు. సినిమా తీస్తే మూడో భాగాన్ని రెండు ముక్కలు చేస్తారు. ‘డైవర్జెంట్’కు మొదటి ముక్క 2016లో వచ్చింది, రెండోది అసలు తియ్యనే లేదు. సిలబస్ పూర్తిచెయ్యకుండా బ్యాచ్ ఎత్తేసినట్టు.

మొన్న మా అమ్మాయి, నలుగురు స్నేహితురాళ్లు కలిసి, ఆ అయిదింటిలో తాము ఏ వర్గమో తేల్చుకునే ఆన్‌లైన్ పరీక్ష రాశారు. అయిదుగురికీ ‘ఏ వర్గంలోనూ ఇమడరు’ అనే వచ్చింది. ఆ సంతోషంలో అయిదుగురూ ఒకే రకం టీషర్టు ఆర్డర్ పెట్టుకున్నారు. డబ్బు కట్టింది నేను.

అందరూ పడుకున్నాక నేనూ రాశాను. నాకు ‘ఆబ్నిగేషన్’ వచ్చింది. స్వార్థం లేనివాళ్లట, బట్టలన్నీ బూడిద రంగువే, అద్దం మూడు నెలలకోసారి చూసుకుంటారట. లేచి వెళ్లి బీరువా తెరిచాను. ఏడు ప్యాంట్లున్నాయి, ఒకటి నలుపు.