అయ్యో, గెలిచేశాం!

జట్టు ఓడిందని భోజనం మానేసిన వాళ్లు విశాఖలో వీధికొకరు దొరుకుతారు, ఐపీఎల్ నెలల్లో అయితే ఇంటికొకరు. జట్టు గెలిచిందని తల పట్టుకుని కూర్చున్న మనిషిని మాత్రం నేను మా బావనే చూశాను.

బావంటే మా మేనమామ కొడుకు. వర్జీనియాలో ఎమ్మెస్ చేసే రోజుల్లో పక్కనున్న వాషింగ్టన్ డీసీ బాస్కెట్‌బాల్ జట్టు, వాషింగ్టన్ విజార్డ్స్ మ్యాచ్‌లకి టికెట్లు చవగ్గా దొరికేవని స్నేహితులతో వెళ్లేవాడు. అంత చవగ్గా ఎందుకు ఇస్తున్నారో ఆ వయసులో ఎవరాలోచిస్తారు చెప్పండి. చదువైపోయింది, తిరిగొచ్చి ఋషికొండ వైపు ఐటీ ఉద్యోగంలో చేరాడు, అక్కడి కారు అమ్మేశాడు, సామానంతా ఎవరికో ఇచ్చేశాడు, జట్టుని మాత్రం వెంట తెచ్చుకున్నాడు. ఆ జట్టు కప్పు గెలిచింది ఒక్కసారే, 1978లో, అప్పటికి పేరు కూడా బుల్లెట్స్. మా మావయ్యకి ఇంకా పెళ్లి కూడా కాలేదప్పటికి.

2023-24లో 82 మ్యాచ్‌లాడి 15 గెలిచారు. వాళ్ల చరిత్రలోనే అంత దిక్కుమాలిన సీజన్ లేదు. ఆ తర్వాతి ఏడాది వరసగా 16 ఓడారు, మధ్యలో కాస్త ఊపిరి పీల్చుకుని మళ్లీ వరసగా 16 ఓడారు. ఇదంతా చెప్పి మనం సానుభూతిగా మొహం పెడితే బావ నవ్వేవాడు. ‘రీబిల్డింగ్ కదా’ అనేవాడు. అంటే జట్టుని పునాదులతో సహా పీకేసి మళ్లీ కట్టడం. కాస్త పేరున్న వాళ్లని ఒక్కొక్కర్నీ వేరే జట్లకి పంపించేస్తారు (కైల్ కుజ్మాని 2025 ఫిబ్రవరిలో అలాగే పంపించారు), గడ్డాలు సరిగా రాని కుర్రాళ్లకి బంతి ఇస్తారు, ఓడతారు. బాగా ఓడితే డ్రాఫ్ట్ లాటరీలో మంచి ఛాన్సు వస్తుంది, కాలేజీల నుంచి వచ్చే కొత్త కుర్రాళ్లలో మేలైనవాణ్ణి ముందుగా ఎంచుకోవచ్చు (ఆ ఎంపిక వంతునే పిక్ అంటారు). ఆ ఏడాది అందరి కళ్లూ డ్యూక్ యూనివర్సిటీలో ఆడే కూపర్ ఫ్లాగ్ మీద. మా బావ ఆ అబ్బాయి గురించి మాట్లాడుతుంటే ఇంట్లో పెళ్లి సంబంధం మాట్లాడుతున్నట్టే ఉండేది.

ఇక అసలు సంగతి. 2025 ఏప్రిల్ 13, ఆదివారం, సీజన్లో ఆఖరి రోజు. విజార్డ్స్‌వి అప్పటికి 17 గెలుపులు. యూటా జాజ్ అనే ఇంకో జట్టువి కూడా 17. ఎవరు అడుగున మిగులుతారన్నది ఆ రోజుతో తేలిపోవాలి. ఎంవీపీ కాలనీలో మావయ్య వాళ్ల ఫ్లాట్లో, హాల్లో టీవీ ముందు చేరాం. నేను, బావ, బావ ఆఫీసులో పనిచేసే గాజువాక కుర్రాడు. ఈ కుర్రాడు యూటా అభిమాని. ఇద్దరి జట్లూ ఓడాలి, కానీ ఎదుటివాడి జట్టు గెలవాలి. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఒకే గిన్నెలోంచి మిక్చర్ తింటున్నారు గానీ, పలకరింపుల్లో ఎక్కడో పుల్లదనం.

‘మీ వాళ్లకి సిగ్గుండాలి బ్రో’ అన్నాడు బావ, ‘ఒంట్లో బాగున్న స్టార్ ఆటగాడు మార్కనెన్‌ని కూర్చోబెట్టి లక్ష డాలర్లు ఫైన్ కట్టారు.’

‘అది డెడికేషన్’ అన్నాడు గాజువాక.

మా మావయ్య అప్పటిదాకా అదే టీవీలో ఢిల్లీ క్యాపిటల్స్, ముంబై మ్యాచ్ చూశాడు. మార్చిలో ఢిల్లీ వాళ్లు సొంత మ్యాచ్‌లు రెండు మన విశాఖలోనే ఆడారు కాబట్టి అది మన జట్టేనని ఆయన లెక్క. ఆ రాత్రి ఢిల్లీ వాళ్లు గెలవాల్సిన మ్యాచ్‌లో 19వ ఓవర్ చివరి మూడు బంతులకీ వరసగా మూడు రనౌట్లయ్యి 12 పరుగుల తేడాతో మట్టికరిచారు. ‘ఏట్రా ఇది, పరిగెత్తడం రాని వాళ్లకి బ్యాటెందుకు’ అని రిమోట్ మా వైపు విసిరేసి, మజ్జిగ తాగి, వెళ్లి పడుకున్నాడు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

మా వాళ్ల మ్యాచ్ మయామీలో. మయామీ హీట్‌కి ఆ మ్యాచ్ గెలిచినా ఓడినా వచ్చేదీ పోయేదీ లేదు, ముఖ్యమైన వాళ్లకి విశ్రాంతి ఇచ్చేశారు. ఈ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ బావకి టెన్షన్. ఓడిపోవడానికి కూడా ఎదుట కాస్త సరైన జట్టుండాలి కదా. స్కోరు పక్కపక్కనే నడుస్తోంది. బావ సోఫా మీంచి నేల మీదకి జారాడు, నేల మీంచి టీవీ దగ్గరికి పాకాడు. మన టైము రాత్రి ఒంటిగంట కావస్తోంది. మయామీ ఒక పాయింటు ఆధిక్యంలో ఉంది. ఇక సెకన్లే. బావ రెండు చేతులూ జోడించి సింహాచలం వైపు, అంటే మా వంటింటి వైపు, తిరిగాడు. ఈలోగా బబ్ క్యారింగ్టన్ అని 19 ఏళ్ల కుర్రాడు, ఆ ఏడాదే జట్టులోకి వచ్చినవాడు, బంతి పట్టుకుని వెళ్లి ఆఖరి క్షణంలో ఎగిరి వేశాడు. పడింది. 119-118.

‘అయ్యో! గెలిచేశాం! డీసీ గెలిచేసింది! నాశనమైపోయాను!’

ఏప్రిల్ ఉక్కపోత మీకు తెలిసిందే. సముద్రం గాలి కోసం అపార్ట్‌మెంట్ మొత్తం బాల్కనీ తలుపులు తీసుకుని పడుకుంటుంది. కాబట్టి ఆ కేక ఒక్క ఫ్లాటుకే పరిమితం కాలేదు. ముందు కుక్కలు అందుకున్నాయి. వాచ్‌మన్ ‘దొంగ, దొంగ’ అన్నాడు, ఎటు పరిగెత్తాలో తెలియక గేటు వేసేశాడు. ఎదురు ఫ్లాటు మామ్మగారు రెండు నిమిషాల్లో మెట్ల దగ్గర ప్రత్యక్షమయ్యారు, చంకలో జిప్పు వేసిన రెక్సిన్ సంచీతో. అందులో ఇంటి కాగితాలు, పెన్షన్ పుస్తకం, నగలు, రెండు జతల బట్టలు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పటి నుంచీ ఆవిడ ఆ సంచీ తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంటారట. ‘ఎన్నో నంబరు ఎగరేశారు బాబూ?’ అనడిగారు నన్ను, ఓడరేవులో ఎగరేసే ప్రమాద సూచిక గురించి.

ఇంతలో మావయ్య లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. కొడుకు నేల మీద బోర్లా పడున్నాడు, పక్కన గాజువాక కుర్రాడు ఆనందం ఆపుకోలేక గోడకి తిరిగి భుజాలు కదుపుతున్నాడు. మావయ్య బుర్రలో లెక్క చకచకా నడిచిపోయింది. డీసీ అంటే ఢిల్లీ. ఢిల్లీ ఓడిపోవడం తన కళ్లతో చూశాడు. ఇక్కడేమో గెలిచిందంటున్నాడు, గెలిచిందని ఏడుస్తున్నాడు. తన జట్టు గెలిస్తే ఏడ్చే మనిషి లోకంలో ఒక్కడే ఉంటాడు, ఎదుటి జట్టు మీద డబ్బు పెట్టినవాడు.

‘ఎంత పోయిందిరా?’ అన్నాడు, చాలా నెమ్మదిగా.

‘ఐదో పిక్ పోయినట్టే నాన్నా’ అన్నాడు బావ, లేవకుండానే.

మావయ్య దాన్ని ఐదు లక్షలని అర్థం చేసుకున్నాడని మాకు పొద్దున్న గానీ తెలియలేదు.

పొద్దున్నే పంచాయితీ. పై అంతస్తులో ఉండే రిటైర్డ్ ఎస్సైగారిని మావయ్య పిలుచుకొచ్చాడు. ఆయన వస్తూనే కుర్చీ లాక్కుని, ‘చూడు బాబూ, పేరు చెప్పేయ్, బుకీ ఎవడు?’ అన్నారు. బావ నోరు తెరిచేలోపు మావయ్య టీపాయ్ మీదున్న నోట్‌బుక్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. అందులో బావ స్వహస్తాలతో రాసిన లెక్కలు. యూటా 140, వాషింగ్టన్ 140, షార్లెట్ 140, అలా కిందికి దిగుతూ డాలస్ 18. ఎస్సైగారు కళ్లజోడు సవరించుకుని చూసి, ‘రేట్లే’ అన్నారు.

‘రేట్లు కాదంకుల్, లాటరీ’ అన్నాడు బావ. అత్తయ్య వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చేసింది.

తర్వాత ఇరవై నిమిషాలూ బావ వివరించాడు, ఎంత వివరిస్తే అంత కూరుకుపోయాడు. మెషిన్లో 14 బంతులుంటాయి, నాలుగు తీస్తారు, అలా 1001 రకాల కలయికలొస్తాయి, ఒకటి పక్కన పడేసి మిగిలిన వెయ్యీ జట్లకి పంచుతారు, ఏ నంబర్లు పడితే ఆ జట్టుకి...

‘మట్కా’ అన్నారు ఎస్సైగారు. సర్వీసంతా ఈ కేసులే చూశాననీ, కుండ బదులు మెషిన్ పెట్టినంత మాత్రాన చట్టం మారదనీ అన్నారు.

అత్తయ్య మాత్రం అసలు ప్రశ్న అడిగింది. ‘నీ డబ్బులేమైనా పోయాయా?’

‘లేదమ్మా. మ్యాచ్‌లు చూడ్డానికి కట్టిందే.’

‘మరి ఓడిపోవాలని ఎందుకు మొక్కుకున్నావు?’

బావ మళ్లీ మొదలుపెట్టాడు. కుర్రాళ్లు, పునాదులు, ఓపిక, మూడేళ్ల ప్లాను. అత్తయ్య అంతా విని, ‘ఓహో, లాంగ్ టర్మ్ కోచింగన్నమాట’ అంది. ‘మా పెద్దక్క మనవడు నీట్‌కి మూడేళ్లు కూర్చున్నాడు. ఏటా ర్యాంకు రాకపోవడం, ఏటా ఈసారి బేసిక్స్ గట్టిపడ్డాయనడం. ఫీజు మాత్రం వాళ్లకి ఏ ఏడాదీ ఆగలేదు.’ బావ దగ్గర దీనికి సమాధానం లేదు. నిజం చెప్పాలంటే వాషింగ్టన్లో కూడా ఎవరి దగ్గరా ఉండి ఉండదు.

నాకు మాత్రం ఆ రాత్రి నుంచీ ఇంకో అనుమానం ఉంది. ఓడిపోవాలన్న ప్లాను ఆఫీసులో కూర్చున్నవాళ్లది, ఫ్యాన్స్‌ది, లెక్కలు రాసుకునే మా బావది. బంతి చేతిలో ఉన్న 19 ఏళ్ల పిల్లాడికి దాంతో పనేముంది? వాడికి రేపు ఉద్యోగం ఉండాలి, వాడు గెలిపించాలి. పైగా 2019లో వచ్చిన ఆ లాటరీ రూల్లో అట్టడుగు మూడు జట్లకీ మొదటి పిక్ వచ్చే ఛాన్సు ఒకటే, తలా 14 శాతం. అందరికన్నా ఘోరంగా ఓడినవాడికి మిగిలే సుఖం ఒకటే, ఎంత దురదృష్టం పట్టినా ఐదో పిక్ కన్నా కిందికి జారడు. రెండో స్థానంలో ఉన్నవాడు ఆరు దాకా జారొచ్చు. ఇంత చిన్న తేడా కోసం ఒక మనిషి ఒక అపార్ట్‌మెంట్‌ని నిద్ర లేపాడు. (ఆ రాత్రే యూటా వాళ్లు మిన్నెసోటా చేతిలో నిక్షేపంగా ఓడిపోయి అడుగు స్థానం ఖాయం చేసుకున్నారు. గాజువాక కుర్రాడు సోమవారం ఆఫీసుకి మాడుగుల హల్వా తెచ్చాడు. అది పంచుతుంటే బావ డైటింగన్నాడు.)

బెట్టింగ్ కాదని తేలాక మావయ్య ఈ గొడవ వదిలేస్తాడనుకున్నాం. ఆయన షిప్‌యార్డులో అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. నోట్‌బుక్ తన దగ్గరే ఉంచుకున్నాడు. రెండ్రోజులకి బావ కూడికలో తప్పు పట్టాడు. వారానికి, ‘ఏడడుగుల మనిషిని పెట్టుకుని దూరం నుంచి బంతులేయించడమేట్రా’ అని అలెక్స్ సార్ గురించి అడిగాడు. సార్ 2024లో రెండో పిక్, ఫ్రాన్స్ కుర్రాడు, మావయ్యకి ఆ పేరు పట్టుకుని ‘సార్ గారు’ అనడం అలవాటైపోయింది.

లాటరీ మే 12 సాయంత్రం షికాగోలో, అంటే మనకి 13 తెల్లవారుజామున నాలుగున్నరకి. అందరికన్నా ముందు లేచింది మావయ్యే. ఎస్సైగారు కూడా వచ్చారు, కేసు ఫాలోఅప్ అన్నారు గానీ కాఫీ కోసమని మాకనిపించింది. కార్డులు పద్నాలుగు నుంచి పైకి తీస్తూ వస్తున్నారు. గెలుపోటముల వరసలో అయితే పదకొండు దగ్గర డాలస్ పేరు రావాలి, పోర్ట్‌లాండ్ వచ్చింది. ‘ఎవడో కింది నుంచి ఎగిరాడు’ అని బావ మొహం పాలిపోయింది. పది, తొమ్మిది, ఎనిమిది, ఏడు. ఆరు. వాషింగ్టన్.

ఐదు, యూటా. గాజువాక నుంచి ఫోన్ వచ్చింది, బావ ఎత్తలేదు.

మావయ్య నోట్‌బుక్ మూసి, మళ్లీ తెరిచి, వేలితో వరస పట్టి చూశాడు. ‘ఆ రాత్రి మనం ఓడుంటే?’

‘అడుగున ఉంటే ఐదు కన్నా కిందికి పోయేవాళ్లం కాదు నాన్నా.’

‘ఎవడ్రా ఆ బంతి వేసింది? పేరు చెప్పు వాడిది!’ అని అరిచాడు మావయ్య, తెల్లవారుజామున ఐదు గంటలకి, బాల్కనీ తలుపులు తీసుండగా. ఎదురింటి తలుపు చప్పుడైంది, మామ్మగారు సంచీతో బయటికొచ్చేశారు.

మొదటి పిక్ డాలస్ పట్టుకుపోయింది, 1.8 శాతం ఛాన్సుతో. ఫిబ్రవరిలో లూకా డాన్సిచ్ లాంటి స్టార్ ఆటగాణ్ణి లేకర్స్‌కి పంపించేసి సొంత ఊరి వాళ్లచేత తిట్లు తిన్న జట్టు, ఓడాలని ఏ ప్రయత్నమూ చేయని జట్టు, కూపర్ ఫ్లాగ్‌ని ఎత్తుకుపోయింది. మెషిన్ చుట్టూ ఎవరి మనుషులున్నారో తేల్చాలని ఎస్సైగారు చాలాసేపు పట్టుబట్టారు.

జూన్లో ఆరో పిక్‌తో విజార్డ్స్ ట్రే జాన్సన్ అనే కుర్రాణ్ణి తీసుకున్నారు. బాగా గురి చూసి వేస్తాడట. బావ అప్పుడే ‘ఫ్లాగ్ కన్నా మన సిస్టమ్‌కి వీడే కరెక్ట్’ అనడం మొదలెట్టాడు. మావయ్య కొత్త నోట్‌బుక్ కొన్నాడు.

మొన్న అసోసియేషన్ మీటింగులో రాత్రి పది దాటాక టీవీ చప్పుడు చేయకూడదని తీర్మానం పెట్టారు. మావయ్యే లేచి సమర్థించాడు. బావ నోరెళ్లబెట్టాడు. వాషింగ్టన్లో రాత్రి ఏడింటి మ్యాచంటే మనకి చలికాలంలో పొద్దున్న ఐదున్నర, ఆ టైముకి ఎలాగూ నీళ్ల మోటారు మోగుతూనే ఉంటుంది, కాబట్టి తీర్మానం ఆయనకేమీ అడ్డం కాదు. మోటారు ఇంకో అరగంట ఎక్కువ నడిపించమని వాచ్‌మన్‌తో మాట్లాడి ఉంచాడట.