కొండారెడ్డి బురుజు పక్కన ఫోను డబ్బా కావలెను

కర్నూలుకు ఏం కావాలని అడిగితే జనం చాలా చెబుతారు. నీళ్లు కావాలంటారు, ఫ్యాక్టరీలు కావాలంటారు. 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉన్న ఊరు కదా, ఆ బాకీ ఏదో ఒక రూపంలో తీర్చమంటారు. ఇవన్నీ పెద్దవాళ్లు మాట్లాడుకోవాల్సిన పెద్ద విషయాలు. నేను అడిగేది చాలా చిన్నది. ఒక ఫోను డబ్బా. ఎవరైనా వచ్చి, ఎవరికైనా, పైసా ఇవ్వకుండా ఫోను చేసుకునే డబ్బా. బురుజు పక్కన పెడితే చాలు.

నవ్వే ముందు ఒక మాట వినండి. ఈ ఆలోచన నా బుర్రలో పుట్టింది కాదు. ఆస్ట్రేలియాలో టెల్‌స్ట్రా అనే కంపెనీ 2021 ఆగస్టులో, వీధుల్లో ఉన్న దాదాపు 15,000 పబ్లిక్ ఫోన్ల నుంచి దేశంలో ఎక్కడికైనా ఉచితంగా మాట్లాడుకోండి అని ప్రకటించింది. అంతకు ముందు ఏడాదిలో డబ్బులు పెట్టి కూడా జనం ఆ డబ్బాల నుంచి కోటీ పది లక్షల కాల్స్ చేశారట. అందులో 2.3 లక్షలు అంబులెన్సు, పోలీసు, ఆపదలో ఆదుకునే హెల్ప్‌లైన్ల లాంటి వాటికి. ఇంట్లో దెబ్బలు తిని కట్టుబట్టలతో బయటపడిన ఆడమనిషికి, అసలు ఇల్లే లేనివాడికి ఆ డబ్బా ఆసరా అని వాళ్ల లెక్క.

మనవాళ్ల లెక్క వేరే. "అందరి చేతిలో సెల్లుంటే డబ్బా ఎందుకప్పా?" అంటారు. నేనూ అట్లే అనేవాణ్ని, పోయిన ఎండాకాలం దాకా.

ఆ రోజు హైదరాబాదు నుంచి బస్సులో వస్తున్నాను. దారి పొడవునా వీడియోలు చూశాను. ఏం చూశానని అడగకండి, ఎవరో పనసకాయ కోస్తున్నారు. అలంపూర్ చౌరస్తా దాటగానే ఫోను ప్రాణం విడిచింది. కర్నూలు బస్టాండులో దిగేసరికి రాత్రి పదిన్నర. పిల్లవాణ్ని బండి తీసుకుని రమ్మని ఇంటికి చెప్పాలి. పక్కన నిలబడ్డ కుర్రాణ్ని "తమ్ముడూ, ఒక్క ఫోను చేసుకోనా?" అని అడిగాను. కిడ్నీ అడిగినట్టు చూశాడు.

వాడి తప్పేం లేదు. ఇప్పుడు సెల్లంటే బ్యాంకు, బీరువా, పెళ్లాం ఫోటో, అన్నీ. దాన్ని బస్టాండులో తెలియనివాడి చేతికి ఎవరిస్తారు? అయినా మంచివాడు. నంబరు నన్ను చెప్పమని, తనే నొక్కి, స్పీకరు పెట్టి, నాకు మూరెడు దూరంలో పట్టుకున్నాడు. నేను మైకు ముందు నాయకుడిలా మెడ చాచి నిలబడ్డాను. ఆ కథ తర్వాత చెబుతా.

ముందు చరిత్ర. 1984లో సీడాట్ అనే ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థను పెట్టిన శ్యాం పిట్రోడా పుణ్యమా అని, తర్వాతి పదిపదిహేనేళ్లలో డబ్బులిచ్చి దూరపు ఊళ్లకు మాట్లాడుకునే పసుపు రంగు ఎస్టీడీ బూతు ఊరూరికీ వచ్చింది. వాటి కేటాయింపులో వికలాంగులకు ప్రాధాన్యం ఉండేది. అంటే ఊళ్లో నడవలేని మనిషి కూర్చున్న చోటి నుంచి ఊరంతా ఢిల్లీ దాకా పోయొచ్చేది. మా ఊళ్లో రాజ్ విహార్ సెంటరు దగ్గర ఆ అద్దాల గదిలో నిలబడి మాట్లాడిన తరానికి గుండెదడ అంటే ఏమిటో డాక్టరు చెప్పక్కర్లేదు. నెత్తిమీద బిల్లు మీటరులో ఎర్ర అంకెలు గిర్రున తిరుగుతుంటే ఎవరైనా కుశల ప్రశ్నలు అడుగుతారా? "బాగుండారా, బాగుండాం, జేజికి జ్వరం, డబ్బు పంపు, పెట్టేస్తున్నా." తెలుగు వచనం అంత చిక్కగా ఉన్న కాలం మళ్లీ రాలేదు.

రాత్రి 11 దాటితే పావు రేటు. అందుకే మా వీధిలో ప్రేమలు, అప్పులు, చావుకబుర్లు అన్నీ పదకొండు తర్వాతే నడిచేవి. బూతాయనకు ఊరి గుట్టంతా తెలుసు. ఎవరి సంబంధం తప్పిపోయింది, ఎవరి అల్లుడు బెంగళూరులో ఉద్యోగం మానేశాడు, అన్నీ. ఇప్పుడు డేటా ఎక్కడికి పోతోందో అని మేధావులు బెంగపడుతున్నారు. అప్పుడు ఎక్కడికి పోతోందో అందరికీ తెలుసు. ఎదురుగా కూర్చుని వక్కాకు నములుతుండేది.

ఇంకొకటి పీపీ నంబరు. ఇంట్లో ఫోను లేనివాళ్లు పక్కింటివాళ్ల నంబరును శుభలేఖల మీద, ఉద్యోగ దరఖాస్తుల మీద ధైర్యంగా వేసుకుని, పక్కన పీపీ అని రాసేవాళ్లు. మా పీపీ ఇంటావిడ గోడమీంచి "హైదరాబాదు నుంచి ఫోనూ..." అని కేక వేస్తే మా అమ్మ పొయ్యి మీద పాలు వదిలి పరిగెత్తేది. ఆ పాలు పొంగిపోయిన లెక్క చూస్తే ఫోను ఉచితమని చెప్పలేను.

తర్వాత కిరాణా కొట్లకు ఎర్ర రూపాయి డబ్బా వచ్చింది. అవతలివాడు "హలో" అన్నాక రూపాయి వేస్తేనే మన గొంతు వాడికి వినపడేది. అందుకని తెలివైనవాళ్లు "హలో" వినగానే పెట్టేసేవాళ్లు. మనిషి ఇంట్లో ఉన్నాడని రూఢి అయింది, రూపాయి మిగిలింది. సెల్లు వచ్చాక అదే విద్య మిస్డ్ కాల్‌గా వర్ధిల్లింది. ఒక్క రింగు ఇస్తే బయల్దేరాను, రెండిస్తే చేరాను, మూడిస్తే నువ్వే చెయ్యి, నా దగ్గర బ్యాలెన్సు లేదు. టెల్‌స్ట్రా వాళ్లు 2021లో ఉచితం చేశామని గొప్పలు పోతున్నారు కానీ, రాయలసీమ ఆ పని ఎప్పుడో చేసుకుంది, కంపెనీకి చెప్పకుండా.

కాబట్టి డబ్బా మనకు కొత్త కాదు. పనికొస్తుందా అన్నదే ప్రశ్న. బ్రిటన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ దీనికొక కొలత పెట్టింది. సెల్లు సిగ్నలు సరిగ్గా లేనిచోటి డబ్బాను, ప్రమాదాలు ఎక్కువగా జరిగే చోటి డబ్బాను, ఏడాదిలో కనీసం 52 కాల్స్ వెళ్లిన డబ్బాను తీసేయకూడదంది. వారానికి ఒక్క కాల్! మన బస్టాండులో డబ్బా పెడితే ఆ 52 మొదటి రోజు టిఫిను వేళకే అయిపోతాయి. అందులో నలభై "ఉత్తగానే చేసినా, పని చేస్తాందో లేదో అని" అయినా సరే. అక్కడ వాడకంలో లేని ఎర్ర డబ్బాలను ఊరివాళ్లకు ఒక్క పౌండుకు ఇచ్చేస్తే గ్రంథాలయాలు చేసుకున్నారు. మన దగ్గర ఏం చేసుకుంటారో రాయడానికి ఈ పత్రిక మర్యాద ఒప్పుకోదు.

న్యూయార్కులో నగరపాలక సంస్థ తన చివరి పేఫోనును 2022 మేలో పీకి మ్యూజియానికి పంపింది. వాటి స్థానంలో వచ్చిన వైఫై స్తంభాల నుంచి దేశమంతా ఉచితంగా మాట్లాడుకోవచ్చు. డబ్బు పుచ్చుకున్నన్నాళ్లూ వీధిలో, పుచ్చుకోవడం మానేసే వేళకు మ్యూజియంలో.

ఒక్క చోట మాత్రం నా ఎగతాళి ఆగిపోతుంది. 2009 అక్టోబరు 2. తుంగభద్ర, హంద్రీ కలిసి ఊళ్లోకి వచ్చిన రాత్రి. మిద్దెల మీద జనం, కరెంటు లేదు, చేతుల్లో సెల్లులు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. దుబాయిలో ఉన్న కొడుకు, బెంగళూరులో ఉన్న కూతురు చేస్తూనే ఉన్నారు, ఇక్కడ మోగడం లేదు. పాత తీగ ఫోనుకు కరెంటు ఇంటి నుంచి కాదు, ఎక్స్‌ఛేంజి నుంచి వస్తుంది. అందుకే జపాన్‌లో 2011 భూకంపం తర్వాత పబ్లిక్ ఫోన్లను ఉచితం చేస్తే జనం వాటి ముందు బారులు తీరారు. "వరదలో డబ్బా కూడా మునుగుతుంది కదా" అంటారు. మునుగుతుంది. అందుకే బురుజు పక్కన కాదు, బురుజు మీద పెట్టమని నా వినతిని ఇక్కడే సవరిస్తున్నాను.

ఇక అమలు. నా అనుభవం కొద్దీ ఇట్లా జరుగుతుంది. మొదట శంకుస్థాపన. తర్వాత డబ్బాకు రంగు. ఎన్నికలయ్యాక ఇంకో రంగు. ఆ తర్వాత దుర్వినియోగం అరికట్టడానికి ఆధార్. చివరగా భద్రత కోసం, ఉచిత ఫోను వాడాలనుకునేవాళ్లు తమ సెల్లుకు వచ్చిన ఓటీపీని నమోదు చేయవలెను.

అసలు చిక్కు అది కూడా కాదు. డబ్బా ముందు నిలబెడితే మనకు ఎవరి నంబరు తెలుసు? నాకు 1994 నాటి మా పీపీ నంబరు ఇప్పటికీ నోటికొచ్చు. ఆ ఇల్లు అమ్మేశారు. కొడుకు నంబరు రాదు, తమ్ముడి నంబరు రాదు. ఆ రాత్రి బస్టాండులో నా భార్య నంబరు గుర్తొచ్చిందంటే కారణం అనురాగం కాదు, మా గ్యాస్ బుకింగ్ దాని మీదే ఉంది.

కుర్రాడు నొక్కాడు. మోగింది. కట్టయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ కట్టయింది. మూడోసారి మోగనే లేదు. "ఎత్తరులే అన్నా, కొత్త నంబరు కదా" అని నన్నే ఓదార్చి బస్సెక్కి వెళ్లిపోయాడు. ఆటోకు నూటయాభై ఇచ్చుకుని ఇంటికి పోతే, తలుపు తీస్తూనే మా ఆవిడ అంది: "జాగ్రత్తండీ, ఇందాక ఎవడో దొంగ వెధవ రెండుసార్లు చేశాడు. బ్లాక్ చేసేశా."

ఆ పుణ్యాత్ముడు ఈరోజుకీ మా ఇంట్లో బ్లాకులోనే ఉన్నాడు. తీసేయమందామంటే, ఆవిడ ఫోను తెరిచే పాస్‌వర్డు నాకు తెలియదు.