‘చేరగానే ఫోన్ చెయ్యి’ అంటే సరిపోదు

మన ఇళ్లలో ఎవరు ఊరికి బయల్దేరినా పెద్దవాళ్లు గుమ్మంలో నిలబడి అనే మాట ఒకటే: "చేరగానే ఫోన్ చెయ్యి." నేను ఆస్ట్రేలియాలోని అడిలైడ్ వచ్చి పదకొండేళ్లయింది. గుంటూరులో ఉన్న మా అమ్మ ఇప్పటికీ అదే మాట అంటుంది. ఆ మాటలో ఉన్న ప్రేమ నాకు తెలుసు. కానీ ఆ ఫోన్ రాకపోతే ఏం చేయాలో మనం ఎప్పుడూ చెప్పుకోం. మన ఊళ్లలో ఆ అవసరం పడలేదు. ఈ దేశం నడిమధ్యకు కారు వేసుకుని వెళ్లేటప్పుడు మాత్రం మనిషిని కాపాడేది మనం చెప్పుకోని ఆ రెండో సగమే.

కొన్నేళ్ల కిందట డిసెంబరు సెలవుల్లో ఎడారి మధ్యలో ఉన్న పెద్ద ఎర్ర కొండ ఉలురు చూద్దామని బయల్దేరాం. మా ఆయన, నేను, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు, మెల్‌బోర్న్ నుంచి వచ్చిన మా మరిది. ఏడుగురం, ఏడు సీట్ల కారు. గ్లెండాంబో అనే చిన్న ఊరు దాటి వంద కిలోమీటర్లు వెళ్లాక వెనక టైరు పేలింది. మధ్యాహ్నం రెండు గంటలు. స్పేర్ టైరు సామాన్ల అడుగున ఉంది. సామానంతా రోడ్డు పక్కన పెట్టి టైరు బయటికి తీస్తే జాకీ మెత్తటి కంకరలో దిగబడిపోయింది. ఫోన్లలో ఒక్కదానికీ సిగ్నల్ లేదు. పులిహోర డబ్బా నిండుగా ఉంది. నీళ్లేమో ఏడుగురికి కలిపి ఎనిమిది అరలీటరు సీసాలు.

మా మరిది "కొంచెం ముందుకు నడిస్తే సిగ్నల్ వస్తుందేమో చూసొస్తా" అన్నాడు. మామయ్యగారు చెయ్యి పట్టుకుని ఆపారు. "చెట్టు కూడా లేని దారిలో ఎక్కడికి వెళ్తావురా, కూర్చో" అన్నారు. ఆయన ఈ దేశానికి వచ్చి అప్పటికి మూడు వారాలు. మా అందరికంటే ఆయనే సరిగ్గా ఆలోచించారు.

కాసేపటికి క్యారవాన్ లాగుతూ వెళ్తున్న ఒక వృద్ధ దంపతులు ఆగారు. జాకీ కింద పెట్టడానికి చెక్క ఇచ్చారు, ఒక పెద్ద క్యాన్ నీళ్లు ఇచ్చారు. టైరు మారుస్తుండగా ఆవిడ నన్ను ఒక్క మాట అడిగింది: మీరు ఇక్కడ ఉన్నారని ఎవరికి తెలుసు?

ఎవరికీ తెలియదు. అమ్మకు "నాలుగు రోజులు తిరిగొస్తాం" అని మాత్రం చెప్పాను. రాత్రికి ఫోన్ రాకపోతే అమ్మ కంగారు పడేది, మర్నాడు ఏడ్చేది. మేం ఏ రోడ్డు మీద ఉన్నామో ఆమెకు తెలియదు, ఏ దేశపు పోలీసులకు ఎలా ఫోన్ చేయాలో తెలియదు. ఆవిడ అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. ఈ వ్యాసం రాయించింది అదే.

అది స్టూవర్ట్ హైవే కాబట్టి, తారురోడ్డు కాబట్టి ఎవరో ఒకరు వచ్చారు. ఆ రోడ్డు పోర్ట్ అగస్టా నుంచి డార్విన్ దాకా 2,700 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. గ్లెండాంబోకూ కూబర్ పీడీకీ మధ్య సుమారు 250 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దూరానికి కాస్త తక్కువ. ఆ దారి తలుచుకోండి. చౌటుప్పల్ లేదు, నకిరేకల్ లేదు, సూర్యాపేటలో టీ లేదు, కోదాడ లేదు, నందిగామ లేదు. పంక్చర్ షాపు లేదు, పెట్రోలు బంకు లేదు. అదే మెరీ నుంచి మార్లా దాకా వెళ్లే ఊడ్నడాటా ట్రాక్ లాంటి మట్టిరోడ్డు ఎక్కితే, ఇంకో బండి ఎప్పుడొస్తుందో చెప్పలేం. వాన పడితే ఆ రోడ్డే మూసేస్తారు.

మన దగ్గర కారు ఆగితే పది నిమిషాల్లో నలుగురు చేరతారు. "ఏమైంది బాబూ" అంటారు, బండి తోస్తారు, ఒకడు బైకు మీద మెకానిక్‌ను తీసుకొస్తాడు. మనకు తెలియకుండానే ఆ నలుగురి మీద ఆనుకుని మనం ప్రయాణాలు నేర్చుకున్నాం. నీళ్లు ఎక్కువ పెట్టుకోకపోవడం, పెట్రోలు ముల్లు కిందికి దిగేదాకా చూడటం, చీకటి పడ్డా "ఇంకో గంటలో చేరిపోతాం" అనుకోవడం, ఈ అలవాట్లన్నీ రోడ్డు మీద మనుషులు ఉంటారన్న నమ్మకంలోంచి పుట్టినవే. దీనికి తోడు ఇక్కడా ఎడమవైపు డ్రైవింగే. అందుకే అంతా మనకు తెలిసిన రోడ్డులాగే కనిపిస్తుంది. నా ఉద్దేశంలో కొత్తగా వచ్చినవాళ్లను ఎక్కువగా మోసం చేసేది ఆ పోలికే.

కారు దగ్గరే ఉండటం గురించి గట్టిగా చెప్పాలి. 1963 డిసెంబరులో, క్రిస్మస్ రోజుల్లో, ఇంగ్లండ్ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం బర్డ్స్‌విల్ ట్రాక్ అనే ఎడారి మట్టిరోడ్డు మీద చిక్కుకుంది. కారు వదిలి నడిచారు. ఐదుగురూ దాహంతో చనిపోయారు. వాళ్లూ మనలాగే ఈ దేశానికి కొత్తగా వచ్చినవాళ్లే. విమానంలోంచి వెతికేవాళ్లకు కారు కనబడుతుంది, నడిచే మనిషి కనబడడు. కారు నీడనిస్తుంది. కదలకుండా కూర్చుంటే ఒంట్లో నీళ్లు తక్కువ ఖర్చవుతాయి. ఏదో ఒకటి చేయాలన్న తొందర మనలో చాలామందికి, ముఖ్యంగా మగపిల్లలకు ఉంటుంది. ఆ సమయంలో కూర్చోవడమే చేయవలసిన పని అని బయల్దేరకముందే కారులో అందరూ మాట్లాడుకోవాలి.

ఫోన్‌లో మ్యాప్‌ను నమ్మి వెళ్లేవాళ్లకు విక్టోరియా రాష్ట్రంలోని మిల్దూరా అనే ఊరి సంగతి గుర్తు చేస్తాను. 2012 డిసెంబరులో యాపిల్ మ్యాప్స్ ఆ ఊరిని దాదాపు 70 కిలోమీటర్ల అవతల, మర్రే-సన్‌సెట్ నేషనల్ పార్కు మధ్యలో చూపించింది. నీళ్ల చుక్క లేని చోటది, ఎండ 46 డిగ్రీల దాకా పోయే కాలం. కొందరు అక్కడికి వెళ్లి చిక్కుకుంటే విక్టోరియా పోలీసులు జనాన్ని హెచ్చరించాల్సి వచ్చింది. ఆ తప్పు అప్పుడే సరిచేశారు, నిజమే. కానీ 2024 ఫిబ్రవరిలో కూడా గూగుల్ మ్యాప్స్ చూపిన పాత దారి పట్టుకుని దేశం ఉత్తరపు కొసన ఉన్న కేప్ యార్క్‌లో ఇద్దరు జర్మన్ యువకులు బురదలో కూరుకుపోయారు. వారం పైగా కష్టపడి బయటపడ్డారు. మ్యాప్ దూరం చెబుతుంది. నిన్న పడిన వానకు ఆ దారి ఉందో లేదో చెప్పదు. అది ఆ రాష్ట్ర రోడ్ల శాఖ వెబ్‌సైట్‌లో, లేదంటే దారిలో పెట్రోలు, తిండి దొరికే రోడ్‌హౌస్‌లో అడిగి తెలుసుకోవాలి. రోడ్‌హౌస్‌లో కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడటానికి మనవాళ్లు ఎందుకో మొహమాటపడతారు. వాళ్లు ఎంతో ఓపికగా చెబుతారు, ఒక్కసారి అడిగి చూడండి.

ఇక మనం ఎంచుకునే కాలం. ఆఫీసులు మూస్తారు, బడులకు సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తారు. అందుకని డిసెంబరు, జనవరిలోనే ఎడారికి వెళ్తాం. ఏడాది మొత్తంలో అక్కడికి వెళ్లకూడని నెలలవి. వాతావరణ సూచన 36 డిగ్రీలు, అంతకు మించి ఉంటే ఉలురు చుట్టూ నడిచే దారిలో కొంత భాగాన్ని ఉదయం 11కే మూసేస్తారంటే అర్థం చేసుకోండి. జూన్, జులైలో పిల్లలకు రెండు వారాల సెలవులు ఉంటాయి, పగలు హాయిగా ఉంటుంది. అమ్మానాన్నల టికెట్లు ఆ నెలలకు కొనమని నేను అందరికీ చెబుతున్నాను.

అమ్మానాన్నల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, దీని గురించి ఎవరూ రాయరు. మా అత్తయ్యగారు ఆ రోజు పొద్దున్నుంచి రెండు గుక్కల నీళ్లు కూడా తాగలేదు. అడిగితే "దాహం లేదమ్మా" అన్నారు. అసలు కారణం దారిలో టాయిలెట్ ఉండదేమోనని, తన కోసం కారు ఆపమని అబ్బాయిని అడగడం ఇబ్బందని. మన ఆడవాళ్లు జీవితమంతా బస్సుల్లో ఇలాగే ప్రయాణం చేశారు. షుగర్, బీపీ ఉన్న అరవై ఐదేళ్ల మనిషికి ఆ ఎండలో అది ఎంత ప్రమాదమో డాక్టర్ చెప్పాల్సిన పని లేదు. ఇన్సులిన్ వేడికి పాడవుతుందన్నది ఇంకో టెన్షన్. అందుకని ఎవరూ అడగకుండానే గంటన్నరకో రెండు గంటలకో కారు ఆపండి. ఎక్కడ ఆగుతామో, అక్కడ టాయిలెట్ ఉందో లేదో పొద్దున్నే వాళ్లకు చెప్పండి. మనిషికి రోజుకు పది లీటర్ల చొప్పున నీళ్లు పెట్టుకోండి. అది ఒక్క క్యాన్‌లో కాకుండా రెండు మూడింట్లో ఉండాలి, ఒకటి కారిపోయినా మిగతావి ఉంటాయి. డ్రైవ్ చేసేవాళ్ల అలసటకూ ఆ ఆగడమే మందు.

చీకటి పడ్డాక నడపకండి. కంగారూలు పొద్దుపోయేటప్పుడూ తెల్లవారేటప్పుడూ రోడ్డెక్కుతాయి, కంచెలు లేని చోట పశువులూ వస్తాయి. మన దగ్గర గేదె అడ్డొస్తే హారన్ కొట్టి పక్కనుంచి తప్పించుకుపోతాం. ఇక్కడ 110లో పోతూ స్టీరింగ్ తిప్పితే బండి బోల్తా పడుతుంది. స్టీరింగ్ తిప్పకుండా, గట్టిగా బ్రేకు వేయడమే దారి. చాలా అద్దె కార్ల ఒప్పందాల్లో రాత్రి డ్రైవింగ్‌కు, మట్టిరోడ్లకు బీమా వర్తించదని రాసి ఉంటుంది. సంతకం పెట్టే ముందు అది చదవండి.

రోడ్ ట్రెయిన్లు, అంటే వరసగా ట్రెయిలర్లు లాగే పెద్ద లారీలు, 53.5 మీటర్ల పొడవు దాకా ఉంటాయి. రెండు ట్రాలీల చెరకు ట్రాక్టరును దాటిన అనుభవం వీటి దగ్గర పనికిరాదు. ముందు కనీసం ఒక కిలోమీటరు పైగా రోడ్డు ఖాళీగా కనబడితేనే దాటాలి. అనుమానంగా ఉంటే వెనకే ఉండండి, పది నిమిషాలు పోతే పోనివ్వండి.

ఇప్పుడు ఇక్కడి మన తెలుగు సంఘం సంగతికి వస్తాను. పర్సనల్ లొకేటర్ బీకన్ అని అరచేతిలో పట్టే పరికరం ఒకటుంది. సిగ్నల్‌తో పని లేదు, నెలవారీ బిల్లు లేదు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు నొక్కితే ఉపగ్రహం ద్వారా మనం ఎక్కడున్నామో ఆస్ట్రేలియన్ మారిటైమ్ సేఫ్టీ అథారిటీకి తెలుస్తుంది. వాళ్ల దగ్గర రిజిస్టర్ చేయడం ఉచితం. ఒక్కోటి కొన్ని వందల డాలర్లు, బ్యాటరీ ఏళ్ల తరబడి వస్తుంది. కొత్త ఫోన్లలో కొన్నింటికి ఉపగ్రహం ద్వారా సాయం అడిగే వీలుంది, మంచిదే. కానీ చార్జింగ్ అయిపోయిన ఫోన్ దేనికీ పనికిరాదు.

ఉగాదికి, సంక్రాంతికి హాలుకూ భోజనాలకూ మనం ఖర్చు పెడతాం. పెట్టాలి కూడా. దాంట్లోంచి కాస్త తీసి సంఘం తరఫున నాలుగు బీకన్లు కొని, సెలవులకు వెళ్లే కుటుంబాలకు లైబ్రరీ పుస్తకంలా ఇచ్చి తిరిగి తీసుకుందాం. ఎవరు తీసుకెళ్తే వాళ్ల వివరాలు రిజిస్ట్రేషన్‌లో మార్చే బాధ్యత ఒక కమిటీ సభ్యుడు తీసుకోవాలి. డిసెంబరుకు ముందు ఒక ఆదివారం టైరు మార్చడం నేర్పుదాం, ఆడవాళ్లకూ స్టూడెంట్లకూ ముందు. ఇది సంఘం పని కాదని కొందరు అంటున్నారు. కారు ఆగితే పోగయ్యే ఆ నలుగురు ఇక్కడ లేరు. ఆ నలుగురి పని చేయడానికి కాకపోతే పరాయి దేశంలో తెలుగువాళ్లం సంఘం పెట్టుకున్నది దేనికి?

కమిటీ ఒప్పుకునే దాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. బయల్దేరేముందు ఒక కాగితం రాసి ఇదే ఊళ్లో ఉన్న స్నేహితులకు ఇవ్వండి. ఇండియాలో అమ్మకు ఫోటో పంపండి, కానీ బాధ్యత మాత్రం ఇక్కడివాళ్లకే అప్పజెప్పండి. పోయిన జులైలో మేం ఎదురింటివాళ్ల ఫ్రిజ్ మీద అంటించి వెళ్లిన కాగితంలో ఇలా ఉంది:

"శనివారం ఉదయం 7కి పోర్ట్ అగస్టాలో బయల్దేరతాం. స్టూవర్ట్ హైవే తప్ప వేరే దారి పట్టం. తెల్ల కారు, నంబరు కింద రాశాను. ఐదుగురం. నీళ్లు 50 లీటర్లు. సాయంత్రం 5 లోపు కూబర్ పీడీ నుంచి ఫోన్ చేస్తాం. 6 దాకా రాకపోతే ఈ మోటెల్‌కు ఫోన్ చేసి మేం వచ్చామో లేదో అడుగు. రాలేదంటే మొహమాటపడకుండా పోలీసులకు, 131 444కి చెయ్యి. పిల్లలున్నారని చెప్పు. మేం కారు దగ్గరే ఉంటాం."