మా ఊళ్ళో ఉద్రిక్తత నిలబడటం లేదు

ఈ మాట బయటికి చెప్పుకోవాలంటే సిగ్గుగానే ఉంది గానీ చెప్పక తప్పదు. టీవీలో రోజూ రాత్రి తొమ్మిదింటికి హిందూ ముస్లిం గొడవ ఎంత పద్ధతిగా నడుస్తుందో చూస్తున్నాం కదా, మా ఊళ్ళో మాత్రం పొద్దున రాజుకున్నది సాయంత్రం పాలు పితికే వేళకి చల్లారిపోతోంది. మేం కష్టపడటం లేదనుకునేరు. రెండేళ్ళ కిందటే రెండు కమిటీలు వేసుకున్నాం, అటొకటి, ఇటొకటి. రెండింటికీ వాట్సాప్ గ్రూపులున్నాయి. రెండు గ్రూపుల్లోనూ ఒకే వీడియో తిరుగుతుంది, పైన రాత మాత్రం వేరు. అది ఎక్కడ తీశారో ఎవరికీ తెలియదు. అందులో వాన కురుస్తోంది కాబట్టి మా అనంతపురం జిల్లా కాదని మాత్రం ఖాయంగా చెప్పగలం.

లోపం ఎక్కడుందా అని కూర్చుని ఆలోచిస్తే మొదట పేర్ల దగ్గరే దొరికింది. హిందువుల గ్రూపు అడ్మిన్ పూర్తి పేరు బయటపెట్టను గానీ అందులో కుళ్ళాయి ఉంది. పెళ్ళయిన ఏడేళ్ళ దాకా కడుపు పండకపోతే వాళ్ళమ్మ నార్పల మండలం గూగూడు పోయి కుళ్ళాయిస్వామి పీరుకి మొక్కుకుంది, వీడు పుట్టాడు. మా వైపు ఇదేం వింత కాదు. కుళ్ళాయప్పలు, ఫకీరప్పలు, మస్తానయ్యలు, నాగూరయ్యలు అని పేర్లున్న హిందువులందరినీ ఒకచోట చేరిస్తే ఒక నియోజకవర్గం అవుతుంది. పాపం అడ్మిన్ "మన ధర్మాన్ని మనమే కాపాడుకోవాలి" అని పెట్టిన ప్రతిసారీ పైన ఆ పేరు కనిపిస్తుంది, చదివేవాళ్ళకి ఆవేశం రావాల్సిన చోట దగ్గు వస్తుంది. పేరు మార్చుకోరా అంటే విచారించి వచ్చాడు. ఆధార్, పాన్, పాసుపుస్తకం అన్నీ మార్చాలట, పైగా గెజిట్ అట. ధర్మం కోసం ప్రాణమైనా ఇస్తాను గానీ ఆఫీసుల చుట్టూ తిరగలేనన్నాడు.

పోనీ ఎవరెటో లెక్క తేల్చుకుందామని ఇంటింటి సర్వే పెట్టాం. అది దూదేకులవాళ్ళ ఇంటి దగ్గర ఆగిపోయింది. ప్రభుత్వ లెక్కలో వాళ్ళు బీసీ-బి. వాకిట్లో ముగ్గు, గుమ్మానికి ఆకుపచ్చ గుడ్డ, లోపల ఉర్దూ ఒక్క ముక్క రాని మనుషులు. "మీరెటు?" అని గట్టిగానే అడిగాం. ఆ ఇంటి ముసలమ్మ "ఎండన పడి వచ్చినారు, మజ్జిగ తాగుతారా నాయనా" అంది. ఫారంలో మజ్జిగకి గడి లేదు. తాగి వచ్చేశాం.

ఇంక వరసలు. మసీదు కమిటీ సెక్రటరీని నేను మామా అంటాను, ఆయన నన్ను అల్లుడూ అంటాడు, మా నాన్నల కాలం నుంచీ అంతే. మనిషిని ఒకపక్క మామా అంటూ ఇంకోపక్క ఆయన మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో కమిటీ మీటింగుల్లో కూర్చున్నవాళ్ళకే తెలుసు. పోనీ మా సీమవాళ్ళకి కొట్టుకోవడం చేతకాదా అంటే, అబ్బే, ఆ విషయంలో మా పేరు ఎక్కడో ఉంది. కానీ ఫ్యాక్షన్ రోజుల్లో కూడా రెండు పార్టీల్లోనూ రెండు మతాలవాళ్ళూ ఉండేవాళ్ళు. బాంబు విసిరేవాడు ఎదుటివాడి పార్టీ చూశాడే గానీ మతం చూడలేదు. అంతటి అనుభవం, చివరికి దేనికీ పనికిరాకుండా పోయింది.

మాకు ఫార్వార్డులు సప్లై చేసే పెద్దమనిషి అమెరికాలో ఉంటాడు. మూడుసార్లు వీసా రిజెక్ట్ అయ్యాక ఆయన నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగకి పోయి, స్వర్ణాల చెరువు నీళ్ళలో ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి నిలబడి, ముక్కూ మొహం తెలియని ఒక సాయిబుల ఆడమనిషి చేతి నుంచి వీసా రొట్టె పుచ్చుకున్నాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా, అక్కడ పెళ్ళికి ఒక రొట్టె, చదువుకి ఒకటి, ఉద్యోగానికి ఒకటి. కోరిక తీరినవాళ్ళు తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్ళు తీసుకుని తింటారు, అది తీరాక మళ్ళీ వాళ్ళు తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఆ లెక్కన ఈయన బాకీ ఉన్నాడు. రొట్టెకి బదులు రోజుకి పన్నెండు వీడియోలు పంపిస్తున్నాడు.

మమ్మల్ని చెడగొట్టింది ఊరొక్కటే అనలేను, పై నుంచీ అదే వరస. దేవుని కడపలో ఉగాది పొద్దున ముస్లింలు టెంకాయలు పట్టుకుని వెంకటేశ్వరస్వామి గుడికి వస్తారు. ఎందుకయ్యా అంటే బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ, ఆయన మా ఇంటి అల్లుడు అంటారు. అల్లుణ్ణి పండక్కి చూడటానికి వచ్చినవాళ్ళని ఏ కమిటీ ఆపుతుంది? తిరుమలలో మంగళవారం జరిగే అష్టదళ పాదపద్మారాధనకి వాడే 108 బంగారు పూలు గుంటూరు ముస్లిం భక్తుడు ఒకాయన 1984లో ఇచ్చినవి. హైదరాబాద్ అయినా ఆదుకుంటుందేమో అనుకున్నాం. 2023 సెప్టెంబరు 28న వినాయక నిమజ్జనమూ మిలాద్ ఉన్ నబీ ఒకే రోజు పడ్డాయి, ఇంకేం కావాలి? వాళ్ళేమో మిలాద్ ఊరేగింపుని అక్టోబరు 1కి వాయిదా వేసుకున్నారు. అంత పెద్ద పట్నంలోనే ఇలా సర్దుకుపోతుంటే మాలాంటి పల్లెటూళ్ళకి దారి చూపేదెవరు?

నిజానికి మాకూ ఒక మంచి ముహూర్తం వచ్చింది. మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతుంది కాబట్టి వినాయక చవితితో కలవడమనేది ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళకోసారి వచ్చే యోగం. 2018లో సెప్టెంబరు 13న చవితి, 21న పీర్ల పండుగ. ఒకే వీధిలో ఈ చివర వినాయకుడు, ఆ చివర పీర్లు. ఊరికంతా తప్పెట్ల జట్టు ఒక్కటే. ఆ మహాయోగంలో మేం సాధించిన గొడవ ఏమిటంటే, తప్పెట్లు ముందు ఎటు రావాలన్నది. ఏడు నుంచి తొమ్మిదిదాకా వినాయకుడు, ఆ తర్వాత పీర్లు అని పెద్దమనుషులు టైం టేబుల్ వేశారు. బందోబస్తుకొచ్చిన కానిస్టేబుల్ ఇక్కడ ఉండ్రాళ్ళు, అక్కడ మలీద తిని, ప్రశాంతం అని రాసుకుని పోయాడు. మరుసటేడు కూడా అంతే. మళ్ళీ అలాంటిది రావాలంటే 2050 దాకా ఆగాలి, అప్పటికి మా కమిటీల్లో ఎవరికీ చేతికర్ర ఎత్తే ఓపిక ఉండదు.

ఇన్ని అపజయాల తర్వాత పోయినేడు ఒక వెలుగు కనిపించింది. పట్నంలో నాలుగు ప్రసంగాలు విని వచ్చిన మసీదు కమిటీ కుర్రవాళ్ళు, పీర్లకి మొక్కడం షిర్క్, అంటే అల్లాకి సాటి కల్పించే పాపం, అది ఇస్లాం కాదన్నారు. అదే వారం ఇటు కుర్రవాళ్ళు, పీర్లకి మొక్కడం మన ధర్మం కాదన్నారు. అంటే ఊళ్ళో ఇన్నాళ్ళూ ఉద్రిక్తతకి అడ్డుపడుతున్నది ఆ పీర్ల చావిడేనని ఇద్దరికీ ఒకేసారి తెలిసిందన్నమాట! వెంటనే స్కూల్లో ఉమ్మడి మీటింగు. పక్కపక్కన కూర్చున్నారు, ఒకే ఫ్లాస్కులో టీ. దస్తూరీ బాగుంటుందని తీర్మానం నాచేత రాయించారు. చావిడి తలుపు తియ్యకూడదు, గుండం తవ్వకూడదు, చక్కెర చదివించకూడదు. ఏకగ్రీవం. నాకు తెలిసి మా ఊళ్ళో హిందువులూ ముస్లింలూ కలిసి సంతకాలు పెట్టిన మొదటి కాయితం అది, కళ్ళు చెమర్చాయి. చట్టం కూడా చూసుకున్నాను. రెండు వర్గాల మధ్య శత్రుత్వం పెంచితే పాత ఐపీసీలో 153-ఎ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 196, మూడేళ్ళదాకా జైలు. రెండు వర్గాలూ కలిసి ఊరి మీద శత్రుత్వం పెంచుకుంటే ఏ సెక్షనో మాత్రం నాకు దొరకలేదు.

మొహర్రం వచ్చింది. చావిడి ముందు గుండం ఎవరు తవ్వారో ఎవరూ చూడలేదు, తెల్లారేసరికి ఉంది. చింత మొద్దులు ఎప్పుడూ ఇచ్చే రెడ్ల కళ్ళం నుంచే వచ్చాయి. ఆ రాత్రి ఊదు వాసనకి కమిటీలవాళ్ళు ఇళ్ళలో తలుపులేసుకుని కూర్చున్నారు. నేను మాత్రం ఊరికే గాలికని అటు నడిచాను.

అడ్మిన్ వాళ్ళమ్మకి మోకాళ్ళ నొప్పులు, చావిడిదాకా నడవలేదు. గోడ మీదుగా మసీదు కమిటీ సెక్రటరీని పిలిచి చక్కెర పొట్లం చేతిలో పెట్టింది, చదివించి తీసుకురమ్మని.

"వదినా, తీర్మానం అయింది కదా" అన్నాడాయన.

"తీర్మానం మీరు చేసుకున్నారు, మొక్కుకున్నది నేను. పో నాయనా, పీర్లు లేచే టైమైంది" అంది.

పొట్లం ఒళ్ళో దాచుకుని చీకట్లో వస్తూ నాకు ఎదురుపడ్డాడు. ఇద్దరం ఒక నిమిషం నిలబడ్డాం. వీధి లైటు కింద పొట్లం కాయితం కనిపించింది. గీతల తెల్లకాయితం, నీలం ఇంకు, మడతలో "ఏకగ్రీవంగా" అన్న మాట, దాని కింద ఆయన సంతకం సగం.

"దస్తూరీ బాగుంది అల్లుడూ" అని నడిచిపోయాడు.