హెచ్‌ఐవీ పరీక్షకు రోగి సమ్మతి అక్కర్లేదన్న ప్రచారంలో నిజమెంత?

ఆపరేషన్‌కు ముందు హెచ్‌ఐవీ పరీక్ష చేయడం ఆసుపత్రి హక్కు అనీ, అడ్మిషన్ కాగితంపై సంతకం పడ్డాక దానికి వేరే అనుమతి అక్కర్లేదనీ, పాజిటివ్ వస్తే భార్యకో భర్తకో, అవసరమైతే ఉద్యోగం చేసే చోటనో చెప్పడం డాక్టరు బాధ్యత అనీ, ఇదంతా సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసిందనీ చెప్పే సందేశం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. దాన్ని పంపేవారిలో చాలామంది ఉద్దేశం డాక్టర్లకు, నర్సులకు మేలు జరగాలనే కావచ్చు. అయినా అందులోని మాటలు హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం, 2017 ముందు నిలబడవు. ఆ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది.

మొదట సంతకం సంగతి చూద్దాం. ఐదో సెక్షన్ ప్రకారం, విషయం తెలుసుకుని ఇచ్చిన సమ్మతి లేకుండా ఎవరికీ హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు. ఆ సమ్మతి ఎలా ఉండాలో కూడా చట్టమే నిర్వచించింది. అది ఆ ఫలానా పరీక్షకే ప్రత్యేకంగా ఇచ్చినదై ఉండాలి. బలవంతం, మోసం, తప్పుడు సమాచారం లేకుండా, లాభనష్టాలను ఆ మనిషికి అర్థమయ్యే భాషలో, అర్థమయ్యే తీరులో చెప్పిన తర్వాత తీసుకున్నదై ఉండాలి. పరీక్షకు ముందు, తర్వాత కౌన్సెలింగ్ కూడా అందులో భాగమే. ఇక మన ఆసుపత్రుల్లో తరచుగా జరిగేది చూడండి. ఆపరేషన్ ఖాయం కాగానే చేతికొచ్చే చీటీలో సీబీపీ, షుగర్, క్రియాటినిన్‌ల కింద ‘వైరల్ మార్కర్స్’ అని ఒక ముక్క ఉంటుంది. ల్యాబ్ కౌంటర్‌లో వాటన్నిటినీ కలిపి ‘సర్జికల్ ప్రొఫైల్’ అని బిల్లు కొడతారు. ఆ ముక్కలో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి మూడూ ఉన్నాయని రక్తం ఇచ్చిన మనిషికి చాలాసార్లు తెలియదు. అడ్మిషన్ ఫారం ఇంగ్లిష్‌లో ఉంటుంది, దానిపై సంతకం పెట్టేది రోగి కూడా కాదు, వెంట వచ్చిన బావమరిదో కొడుకో. అన్ని పరీక్షలకూ చికిత్సలకూ ఒప్పుకుంటున్నామన్న గుండుగుత్త వాక్యం కింద మరొకరు పెట్టిన ఆ సంతకాన్ని, తెలివిలో ఉండి మాట్లాడగలిగిన రోగి హెచ్‌ఐవీ పరీక్షకు ఇచ్చిన సమ్మతిగా ఏ రకంగానూ చూపించలేం.

రక్తనిధుల్లో అడగకుండానే పరీక్షిస్తున్నారు కదా, ఆసుపత్రికి మాత్రం ఎందుకీ అడ్డు అని సందేశంలో మరో వాదన ఉంది. రక్తనిధి మినహాయింపు నిజమే, ఆరో సెక్షన్‌లో ఉంది. ఇతరుల శరీరంలోకి వెళ్లబోయే లేదా వైద్య పరిశోధనకు వాడబోయే రక్తాన్ని, అవయవాలను, కణజాలాన్ని పరీక్షించడానికి, కోర్టు ఆదేశించినప్పుడు, పేర్లు లేకుండా జరిపే వ్యాధి వ్యాప్తి సర్వేలకు సమ్మతి అక్కర్లేదని ఆ సెక్షన్ చెబుతుంది. అక్కడితో జాబితా అయిపోయింది. ఆపరేషన్‌కు ముందు రోగికి చేసే పరీక్ష అందులో లేదు, పెళ్లికి ముందు పరీక్ష కూడా లేదు.

అన్నిటికంటే బలంగా కనిపించేది వైద్య సిబ్బంది రక్షణ వాదన, అందుకే దాని దగ్గర కాస్త ఆగాలి. సర్జన్ చేతికి సూది గుచ్చుకుంటే ఎవరు బాధ్యులు అనేది న్యాయమైన ప్రశ్న. అయితే నెగెటివ్ రిపోర్టు ఆ సర్జన్‌ను కాపాడలేదు. వైరస్ సోకిన తర్వాత కొన్ని వారాల పాటు, కొన్ని రకాల కిట్లతో దాదాపు మూడు నెలల వరకు, పరీక్షలో అది బయటపడకపోవచ్చు. శరీరంలో వైరస్ ఎక్కువగా ఉండే రోజులు కూడా ఆ వ్యవధిలోనే వస్తాయి. రిపోర్టు చూసి జాగ్రత్త తగ్గించుకున్న థియేటర్‌లో ప్రమాదం పెరుగుతుందే తప్ప తగ్గదు. రోగి ఎవరైనా సరే రక్తం తగిలే ప్రతి పనిలోనూ గ్లవ్స్, కళ్లద్దాలు వాడడం, సూదికి మళ్లీ మూత పెట్టకుండా నేరుగా డబ్బాలో వేయడం వంటి సార్వత్రిక జాగ్రత్తలను వైద్యరంగం ఇందుకే పాటించమంటుంది. హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తంతో సూది గుచ్చుకున్నా అది సోకే అవకాశం వెయ్యిలో మూడు వరకు ఉంటుంది. టీకా వేయించుకోని సిబ్బందికి హెపటైటిస్ బి వల్ల ఉండే ముప్పు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. గుచ్చుకున్న వెంటనే, ఎంత ఆలస్యమైనా 72 గంటల లోపు, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే ఆ కొద్దిపాటి ముప్పు కూడా చాలావరకు తప్పుతుంది. ఈ జాగ్రత్తల సామగ్రి, శిక్షణ, గుచ్చుకున్న తర్వాత వాడే మందులు సిబ్బందికి సమకూర్చే బాధ్యతను 19వ సెక్షన్ ఆసుపత్రి యాజమాన్యంపైనే పెట్టింది. నర్సుకు సరిపడా గ్లవ్స్ ఇవ్వని యాజమాన్యం రోగి రక్తాన్ని రహస్యంగా పరీక్షించి సిబ్బందిని కాపాడుతున్నామంటే అది అంగీకరించదగిన మాట కాదు. వద్దన్న రోగికి ఆపరేషన్ నిరాకరించడం కూడా కుదరదు, వైద్యం పొందడానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడాన్ని మూడో సెక్షన్ వివక్షగానే నిషేధించింది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఒక్క ర్యాపిడ్ కిట్‌లో గీత కనిపించినంత మాత్రాన హెచ్‌ఐవీ ఉందని నిర్ధారణ కాదు. ఐసీటీసీలు అనే ప్రభుత్వ కౌన్సెలింగ్, పరీక్ష కేంద్రాల్లో మూడు వేర్వేరు కిట్లతో చూసిన తర్వాతే పాజిటివ్ అని చెబుతారు. కౌన్సెలింగ్ లేకుండా చేసిన పరీక్షలో ఆ మొదటి గీతే కేస్ షీట్ మీదకు, అక్కడి నుంచి వార్డు మాటల్లోకి వెళ్లిపోతుంది.

ఫలితాన్ని ఇంట్లోవాళ్లకు చెప్పవచ్చన్న మాటకు సందేశం చూపే ఆధారం 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పు. చెన్నైలోని ఒక ఆసుపత్రిలో రక్తం ఇచ్చిన వ్యక్తికి హెచ్‌ఐవీ ఉందని బయటపడి, ఆయన పెళ్లి ఆగిపోయిన కేసు అది. పెళ్లాడబోయే యువతి ఆరోగ్య హక్కు దృష్ట్యా ఆసుపత్రిది తప్పు కాదని కోర్టు అన్న మాట వాస్తవం. కానీ పార్లమెంటు ఆ తర్వాత ఈ విషయంపైనే ప్రత్యేకంగా చట్టం చేసింది. ఎనిమిదో సెక్షన్ ప్రకారం, నమ్మకంతో చెప్పుకున్న హెచ్‌ఐవీ సమాచారాన్ని ఆ మనిషి సమ్మతి లేకుండా మరొకరికి చెప్పకూడదు, డాక్టరు, రోగి మధ్య ఉండేలాంటి విశ్వాస సంబంధంలో ఆ సమ్మతి రాతపూర్వకంగా ఉండాలి. అదే రోగికి చికిత్స చేస్తున్న మరో వైద్యుడికి చికిత్స కోసం అవసరమైనంత మేరకు చెప్పవచ్చు. బిల్లింగ్ కౌంటర్‌కు, వెంట వచ్చిన వ్యక్తి ఫోన్‌కు రిపోర్టు పంపడం ఆ మినహాయింపులోకి రాదు.

భాగస్వామి విషయాన్ని తొమ్మిదో సెక్షన్ విడిగా, ఎంతో ఆలోచించి రాసింది. అక్కడ కూడా చెప్పగలిగేది వైద్యుడు లేదా కౌన్సెలర్ మాత్రమే. భాగస్వామికి సోకే ముప్పు గణనీయంగా ఉందని వారు సహేతుకంగా నమ్మాలి, నీవే చెప్పమని రోగికి ముందుగా కౌన్సెలింగ్ చేసి ఉండాలి, అయినా చెప్పరని నిర్ధారించుకోవాలి, తాము చెప్పబోతున్నామని రోగికి తెలియజేయాలి. ఆ తర్వాత కౌన్సెలింగ్ చేసి, ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలి. విషయం తెలిస్తే హింస జరుగుతుందని, ఇంటి నుంచి వెళ్లగొడతారని భయపడే పరిస్థితి ఉంటే, ముఖ్యంగా రోగి స్త్రీ అయినప్పుడు, అసలు చెప్పకూడదు. గర్భిణిగా పరీక్ష చేయించుకున్నప్పుడే విషయం తెలిసి, భర్త నుంచే సోకినా ఇంట్లో నింద తానే మోయాల్సి వచ్చిన స్త్రీల కోసం ఈ మాట చట్టంలో ఉండాల్సిందే.

యజమానికి చెప్పవచ్చన్న మాటకు ఆధారమే లేదు. ఉద్యోగానికి హెచ్‌ఐవీ పరీక్షను షరతుగా పెట్టడమే నిషిద్ధం. గల్ఫ్ దేశాల వీసాకు ఆ పరీక్ష అడగడం మన చట్టం మార్చగలిగేది కాదు, నిజమే. అయినా కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్లేవారికి మెడికల్ జరిగేది మన దేశంలోనే కాబట్టి, ముందుగా వివరించి సమ్మతి తీసుకోవాల్సిన బాధ్యత ఆ సెంటర్‌కు ఉంటుంది. రోగి రాసివ్వకుండా ఫలితాన్ని ఏజెంటు చేతిలో పెట్టే హక్కు దానికి లేదు.

ఈ సందేశానికి జవాబుగా కొందరు, అనుమతి లేకుండా పరీక్షిస్తే డాక్టరుకు జైలు తప్పదని రాస్తున్నారు. అదీ సరికాదు. ఈ చట్టంలో జైలు శిక్ష ఉన్నది హెచ్‌ఐవీ ఉన్నవారిపై ద్వేషం రెచ్చగొట్టే ప్రచారానికి. సమ్మతి, గోప్యత ఉల్లంఘనలపై చట్టం చూపే దారి వేరు. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ఆసుపత్రిలో ఫిర్యాదుల అధికారి ఉండాలి, మొదట అక్కడ రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు దగ్గర ఉంచుకోవాలి. ఇలాంటి ఫిర్యాదులను విచారించడానికి రాష్ట్ర ప్రభుత్వం నియమించాల్సిన అధికారి ఒంబుడ్స్‌మన్. ఆ అధికారి ఫిర్యాదు అందిన 30 రోజుల్లో, అత్యవసర వైద్య పరిస్థితిలో వీలైనంత త్వరగా, సాధ్యమైతే 24 గంటల్లో ఆదేశం ఇవ్వాలి. ఆ ఆదేశాన్ని పాటించకపోతే పదివేల రూపాయల వరకు, ఆపైన రోజుకు ఐదువేల వరకు జరిమానా పడుతుంది. పేరు బయటపడుతుందని వెనకాడేవారు కోర్టుకు వెళ్లినా మారుపేరుతో విచారణ జరపమని, తలుపులు మూసి వినమని కోరవచ్చు. పరీక్ష, చికిత్స ఎక్కడ దొరుకుతాయో, హక్కులేమిటో తెలుసుకోవడానికి 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.