కొరత కూడా అద్దెలో కలిసే ఉంటుంది

ఉష్ణమండల ద్వీపంలో, సముద్రపుటొడ్డున, ఆడంబరం లేని చవక రిసార్టులో నాలుగు రోజులు గడిపి వచ్చినవారు రెండు వర్గాలుగా చీలిపోతారు. "స్వర్గమంటే అదే" అనేది ఒక వర్గం, "వేడినీళ్లు రాలేదు" అనేది రెండో వర్గం. ఈ రెండు మాటలకూ మధ్య వైరుధ్యమేమీ లేదనీ, వేడినీళ్లు రాకపోవడమే ఆ స్వర్గంలోని ప్రధాన సదుపాయమనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. విషయం గంభీరమైనది కనుక పాఠకులు దీనిని గదిలో పంకా తిరుగుతున్న సమయం చూసుకుని చదవవలసిందిగా మనవి.

ఈ వాదాన్ని వినగానే కొట్టిపారేసేవారు ముందుగా ఈ వ్యాపారం పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి. నేడు విలాసానికి పరాకాష్ఠగా చెలామణీ అవుతున్న నీటిమీది కుటీరం ఏ మహాశిల్పి కలలోనూ సాక్షాత్కరించినది కాదు. ఫ్రెంచ్ పాలినీషియాలోని రాయియాటేయా ద్వీపంలో హోటలు పెట్టిన ముగ్గురు అమెరికన్లకు, అతిథులకు చూపించడానికి తగిన ఇసుకతీరం తమకు లేదన్న సంగతి పెద్ద ఇబ్బంది అయి కూర్చుంది. తీరం లేని చోట తీరవిడిది నడపడమెలాగన్న ప్రశ్నకు 1967లో వారు కనిపెట్టిన జవాబు, గదులను గుంజల మీద నిలబెట్టి సముద్రంలోకే జరిపెయ్యడం. ఒక లోటును కప్పిపుచ్చడానికి వేసిన ఆ గుడిసె, కాలక్రమంలో కొత్త దంపతులు అప్పు చేసైనా అందుకోవాలనుకునే ఐశ్వర్యమైపోయింది.

మాల్దీవుల కథ కూడా ఇలాంటిదే. 1972లో అక్కడ మొదటి రిసార్టు తెరిచినప్పుడు ఉన్నవి 30 గదులు. గోడలు పగడపురాళ్లవి, కప్పు కొబ్బరాకులది. తరువాత ఆ దేశం, జనం లేని ద్వీపం ఒక్కొక్కటీ ఒక్కో రిసార్టుకు అప్పగించి, సామాన్యుడు పటంలో మాత్రమే చూడగలిగిన స్థాయికి ఎదిగింది. 2009 ప్రాంతంలో జనం నివసించే ద్వీపాల్లోనూ అతిథిగృహాలకు అనుమతి ఇచ్చాకగానీ చవక గది మళ్లీ ఆ గడ్డ మీద మొలకెత్తలేదు. ఇందులో గమనించవలసిన క్రమం ఏమిటంటే, ప్రతి గుడిసే కొంతకాలానికి విల్లా అవుతుంది, విల్లా అయిన కొంతకాలానికి దాని యజమానికి గుడిసె మీద బెంగ పుడుతుంది, ఆ బెంగను తీర్చే ఖర్చు బిల్లులో చేరుతుంది. చవక రిసార్టు అనేది ఇంకా విల్లా కాని గుడిసె. కనుక అక్కడి కొరత అసలైనది, కల్తీ లేనిది.

ఎదిగిపోయిన రిసార్టుల కష్టం తలచుకుంటే జాలి వేస్తుంది. అన్నీ సమకూరాక వారు కొరతను డబ్బు పోసి తయారు చేయించుకోవలసి వస్తోంది. మాల్దీవుల్లోనే ఒక ఖరీదైన రిసార్టు, అతిథి అడుగుపెట్టగానే అతని చెప్పులు సంచిలో వేయించి దాచేస్తుంది. తిరుగు ప్రయాణం దాకా వట్టికాళ్లతో నడవడం అక్కడ ఒక దివ్యానుభూతి. చవక రిసార్టులో ఈ సేవకు సంచీ అక్కర్లేదు, సిబ్బందీ అక్కర్లేదు. మొదటి సాయంత్రమే అల వచ్చి ఒక చెప్పును పట్టుకుపోతుంది, రెండోదాన్ని మనమే వదిలేస్తాం. ఖరీదైన చోట గదిలో టీవీ పెట్టలేదని గొప్పగా ప్రకటించుకుంటారు. ఇక్కడ టీవీ ఉంటుంది, పనిచేయదు. అక్కడ కిటికీకి అద్దం లేకుండా కట్టడానికి పేరున్న వాస్తుశిల్పిని పిలిపిస్తారు. ఇక్కడ అద్దం నిరుటి గాలివానకు పోయింది. ఫలితం ఒక్కటే అయినప్పుడు పదిరెట్లు చెల్లించడంలోని వివేకం ఏపాటిదో పాఠకులే ఆలోచించాలి. పైన పటారం, లోన లొటారం అని వ్యాపారాలను నిందించడం మనకు అలవాటు. చవక రిసార్టులో పైన కూడా లొటారమే గనుక, నిజాయితీలో దానికి ఒక మార్కు ఎక్కువే వెయ్యాలి.

ఇక అతిథులు అన్నింటికన్నా ఎక్కువగా నొచ్చుకునే చోటు స్నానాలగది. కొళాయి తిప్పితే వచ్చే నీరు నాలుకకు తగిలితే ఉప్పగా ఉంటుంది, సబ్బు నురగదు, జుట్టు కొబ్బరిపీచుతో పోటీ పడుతుంది. ఫిర్యాదు పుస్తకం అడిగే ముందు వీరు భూగర్భ జలశాస్త్రానికి ఒక నమస్కారం పెట్టాలి. చిన్న ద్వీపంలో వాననీరు ఇసుకలోకి ఇంకి, తనకన్నా బరువైన ఉప్పునీటి మీద తేలుతూ, మధ్యలో మందంగా అంచుల్లో పలుచగా ఒక పొరలా నిలుస్తుంది. ఈ మంచినీరు సముద్రమట్టానికి పైన ఒక మీటరు ఉంటే, మట్టానికి కింద సుమారు 40 మీటర్లు ఉంటుందని గైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు పెద్దలు ఎవరికి వారుగా లెక్క తేల్చారు. వినడానికి ఎంతో ఉదారమైన లెక్క. కానీ దానిని తిరగేస్తే, మోటారు పెట్టి పై మట్టాన్ని ఒక అడుగు దించినవాడి కోసం కింది ఉప్పునీరు 40 అడుగులు ఎగబాకడానికి సిద్ధపడుతుందని అర్థం. కాబట్టి పొద్దున ఒకసారి, ఈత కొట్టాక ఒకసారి, భోజనానికి ముందు మరొకసారి షవరు కింద నిలబడి "ఈ నీళ్లేమిటి ఇలా ఉన్నాయి" అని గొణిగే పర్యాటకుడు తన నెత్తిన తానే సముద్రాన్ని తోడుకుంటున్నాడన్నమాట. ఖరీదైన రిసార్టు సముద్రజలాన్ని యంత్రాలతో వడగట్టి, ఆ యంత్రాల కోసం డీజిలు తగలబెట్టి, చివరికి పక్షుల కిలకిలారావాలు రికార్డింగులో వినిపిస్తూ మంచినీరు అందిస్తుంది. చవక రిసార్టు ద్వీపం దగ్గర ఏముందో అదే ఇస్తుంది. వేడినీటి సంగతీ అంతే. కప్పు మీది సౌరఫలకం మిట్టమధ్యాహ్నం రెండు గంటలకు, ద్వీపంలో ఏ ప్రాణికీ వేడి అక్కర్లేని ముహూర్తంలో, మరుగుతున్న నీటిని ధారాళంగా ప్రసాదిస్తుంది.

"సముద్రానికి రెండు నిమిషాల నడక" అన్న ప్రకటన మీద కూడా అనవసరంగా రాద్ధాంతం చేస్తున్నారు. చాలాచోట్ల ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య 12 గంటల 25 నిమిషాలు పడుతుంది, అందువల్ల సముద్రం తన రాకను ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు వాయిదా వేసుకుంటుంది. పోటు వేళ సముద్రమే నడిచి వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంటుంది. ఆటు వేళ అది పగడపు దిబ్బ అంచు దాకా వెళ్లిపోయి, మోకాలి లోతు బురదనూ కాళ్లు కోసే రాళ్లనూ మనకు వదిలిపెడుతుంది. ప్రకటన రాసినవారు ఏ ఘడియలో నడిచి చూశారన్నది వారి స్వవిషయం.

ఇసుక విషయానికి వస్తే చవక రిసార్టు వాదం తిరుగులేనిదవుతుంది. పగడపు దిబ్బల మీద బతికే చిలుకచేపలు నాచు కోసం పగడపురాయిని కొరికి, గొంతులోని పళ్లతో పిండి చేసి, అరిగినంత అరిగించుకుని, మిగిలినదాన్ని తెల్లటి ఇసుకగా విసర్జిస్తాయి. మాల్దీవుల్లోని వక్కారు ద్వీపం చుట్టూ పుడుతున్న కొత్త ఇసుకలో 85 శాతానికి పైగా ఈ చేపల ప్రసాదమేనని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. కోటీశ్వరుడు తన విల్లా ముందు పరవశించి వెల్లకిలా పడుకునేదీ, బడ్జెటు యాత్రికుడు చిల్లుపడిన తువ్వాలు పరుచుకుని పడుకునేదీ ఒకే చేప కడుపులోంచి వచ్చిన సరుకు మీద. ఎన్నో విప్లవాలు సాధించలేని సమానత్వాన్ని ఒక చేప ఏ నినాదమూ లేకుండా సాధించి పెట్టింది. తేడా ఉన్నదల్లా, విల్లా ముందు దానిని తెల్లవారుజామున ఎవరో పళ్లచెక్కతో దువ్వి ఉంచుతారు.

ఇంత చక్కని కొరతను సమకూర్చినా, అతిథులు దానిని అనుభవించే తీరు మాత్రం విచారకరం. ఏ పనీ చెయ్యకుండా ఉండడానికి వచ్చినవారు ఆ పనికి ఆఫీసు కన్నా ముందే లేస్తారు. సూర్యుడింకా రాకముందే ఒడ్డున ఉన్న కుర్చీల మీద తువ్వాళ్లు వెలుస్తాయి. వాటి యజమానులు తిరిగి పడక ఎక్కి, తమ ఖాళీ కుర్చీ మీద మరొకరు కూర్చుంటారేమోనన్న ఆందోళనతో విశ్రాంతి తీసుకుంటారు. రెండు చెట్లకు కట్టిన వల ఉయ్యాలలోకి ఎక్కడానికి ఒకరు, దిగడానికి ఇద్దరు, ఫొటో తీయడానికి ముగ్గురు కావలసి వస్తారు. సాయంత్రం సూర్యాస్తమయం మరీ హడావుడి వ్యవహారం. భూమధ్యరేఖకు దగ్గరగా సూర్యుడు దాదాపు నిట్టనిలువునా దిగిపోతాడు కనుక అక్కడ సంధ్య మన ఫోనులో కోణం కుదిరేదాకా ఆగదు. ఆ తరువాత అందరూ రిసెప్షను దగ్గర చేరతారు, ఎందుకంటే వైఫై అందేది అక్కడొక్కచోటే. సముద్రానికి వీపులు పెట్టి, వరుసగా కూర్చుని, వెనకనున్న సముద్రం బొమ్మ ఊళ్లోవాళ్లకు చేరిందో లేదోనని చక్రం తిరుగుతున్న తెరల వంక వారు చూసే చూపులో ఉన్న ఏకాగ్రత యోగులకు కూడా దుర్లభం.

ఈ తీరికదనమంతా ఏకపక్షమని ఎవరైనా అభ్యంతరం చెబితే మాత్రం కాదనడం కష్టం. అతిథి చొక్కా లేకుండా అల్పాహారానికి రావచ్చు, వడ్డించేవాడు రాలేడు. అతిథి పదింటికి లేచి ఎనిమిదింటి ఇడ్డెన చల్లారిందనవచ్చు. దానిని వండినవాడు నాలుగింటికే లేచి ఉంటాడు. పెద్ద హోటళ్లలో ఒక్కో పనికి ఒక్కో శాఖ ఉంటుంది. ఇక్కడ పడవ దగ్గర పెట్టె అందుకున్నవాడే గది తాళం ఇస్తాడు, మధ్యాహ్నం మోటారు బాగుచేస్తాడు, సాయంత్రం ఈత నేర్పుతాడు, రాత్రి గిటారు వాయిస్తాడు, మధ్యలో ఎప్పుడో నిద్రపోతాడని వదంతి. "ఇక్కడివాళ్లకు ఏ ఒత్తిడీ లేదు, ఎంత హాయిగా ఉన్నారో చూడు" అని అతిథి నిట్టూర్చేది సరిగ్గా ఇతని వంక చూసే. ఇతని జీతం కూడా ఆ రిసార్టు సంప్రదాయం ప్రకారం సాదాసీదాగానే ఉంటుంది.

చవక ద్వీపాల్లో కొరత లేనిది ఒక్కటే ఉంది, అది మనం. ఫిలిప్పీన్స్‌లోని బొరాకాయ్ ద్వీపానికి జనం ఎంత ప్రేమతో పోటెత్తారంటే, హోటళ్ల మురుగు నేరుగా సముద్రంలో కలవడం చూసి ఆ దేశ అధ్యక్షుడు డుటెర్టే దానిని మురుగుగుంట అని తిట్టి, 2018 ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఆరు నెలలు మూయించేశాడు. థాయ్‌లాండ్‌లోని మాయా బే అదే ఏడాది మూతపడి 2022లోగానీ మళ్లీ తెరుచుకోలేదు. ఈలోగా నల్లరెక్కల సొరచేపలు ఆ తీరానికి తిరిగి వచ్చాయి. అవి వేడినీళ్లు అడిగినట్టుగానీ, గది వెనకవైపు ఇచ్చారని అలిగినట్టుగానీ ఎక్కడా నమోదు కాలేదు. ఆదర్శ అతిథి అంటే ఎవరో పర్యాటక శాఖలు ఆ సొరచేపలను చూసి నిర్వచించుకోవడం మేలు.

ప్రస్తుతం రిసార్టులకు అతిథులు నక్షత్రాలు వేసే పద్ధతి అమల్లో ఉంది. సముద్రం రాత్రంతా చప్పుడు చేసిందని ఒకరు, ఇసుక వేడిగా ఉందని ఒకరు, గోడ మీద బల్లి ఉందని మరొకరు నక్షత్రాలు కోసేస్తున్నారు; ఆ బల్లి రాత్రంతా దోమలను తింటూ జీతం లేకుండా చేసిన ఉద్యోగం ఎవరి లెక్కలోకీ రావడం లేదు. ఈ అన్యాయాన్ని సరిదిద్దడానికి, నక్షత్రాలు వేసే అధికారాన్ని కొంతకాలం అటువైపు అప్పగించి చూడాలని ఈ వ్యాసకర్త ప్రతిపాదన. గది ఖాళీ చేసే రోజున పెట్టెలు మోసిన ఆ గిటారు కుర్రాడే ఒక పత్రం నింపాలి: ఎన్ని బకెట్ల నీళ్లు పోసుకున్నారు, ఎన్ని కుర్చీల మీద తువ్వాలు ఆరేశారు, సముద్రాన్ని ఎన్నిసార్లు నేరుగా కళ్లతో చూశారు. సముద్రం చప్పుడు తగ్గించమని అడిగినట్టు తేలినవారికి మరుసటి ఏడాది ఎత్తయిన గోడల మధ్య, ఈతకొలను వైపు, కిటికీలు బిగించిన గదినే కేటాయించాలి. దానికి సముద్రం కనిపించే గది అద్దె వసూలు చేసినా అభ్యంతరం లేదు.