ల్యాప్‌టాప్‌కి లైఫ్ సర్టిఫికెట్

మా బాబాయ్ కేంద్ర ప్రభుత్వ పెన్షనరు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లన్నీ ఎక్కి దిగి, బేరమాడి ఓ రీఫర్బిష్డ్ ల్యాప్‌టాప్, అంటే ఎవరో వాడేసిందాన్ని బాగుచేసి అమ్మేది, కొన్నాడు. స్క్రీను, కీబోర్డు, బ్యాటరీ, హింజులు అన్నీ వంకాయలు ఏరినట్టు చూశాడు. విండోస్ సంగతి మాత్రం అడగలేదు. అడిగినవాళ్లని నేనింతవరకు చూడలేదు లెండి. షాపు కుర్రాడే చెప్పాడు: "ఒరిజినలే అంకుల్, లైఫ్‌టైం ఉంటది." ఎవరి లైఫో చెప్పలేదు.

వారంటీ ఆర్నెల్లు. సరిగ్గా దాని ఆఖరి వారంలో స్క్రీను కుడి మూల కింద బూడిదరంగులో 'యాక్టివేట్ విండోస్' అని తేలింది. బాబాయ్ ముందు స్క్రీను తుడిచాడు. తర్వాత కళ్లజోడు తుడుచుకున్నాడు. అది పోలేదు. సెట్టింగ్స్ తెరిస్తే, మీ సంస్థ యాక్టివేషన్ సర్వర్ అందడం లేదని ఉంది.

"రిటైరయ్యాక కూడా వదలరా వీళ్లు?" అంటూ పాత సెక్షన్ ఆఫీసరుకి ఫోన్ చేశాడు. ఆయనా పెన్షనరే. ఇద్దరూ డీఏ బకాయిల గురించి అరగంట మాట్లాడుకుని పెట్టేశారు.

అప్పుడు నాకు కబురొచ్చింది. ల్యాప్‌టాప్ బోర్లా తిప్పితే సగం చిరిగిన కంపెనీ స్టిక్కరు, పేరున్న చోట గోకుడు. లోపలున్నది పెద్ద కంపెనీలు వాడే విండోస్.

"ఇది 180 రోజుల్లోపు ఆఫీసు సర్వరుకి కనబడి రావాలి బాబాయ్. లేకపోతే చెల్లదు. నీ కుర్రాడు అమ్మేముందు ఏదో దొంగ సర్వరు చూపించి ఉంటాడు."

"అంటే లైఫ్ సర్టిఫికెట్టేగా! బతికే ఉన్నానని నేను ఏటా నవంబరులో ఇస్తున్నానే, అలాంటిది."

"అదే. కాకపోతే దొంగ సంతకంతో."

మర్నాడు షాపుకెళ్తే కుర్రాడు తొణకలేదు. "సాఫ్ట్‌వేర్‌కి వారంటీ ఉండదంకుల్. ఐదొందలియ్యండి, మళ్ల ఆర్నెల్ల దాకా టెన్షన్ లేదు." పైగా, కార్ సర్వీసింగ్ చేయిస్తలేరా అన్నాడు. బాబాయ్ పర్సు తీయబోతుంటే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొచ్చాను.

2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి, విండోస్‌తో అమ్మే ల్యాప్‌టాప్‌లకి కంపెనీవాళ్లు లైసెన్స్ కీ మదర్‌బోర్డులోనే పెట్టి పంపుతున్నారు. దీనికీ ప్రో ఎడిషన్ కీ లోపలే ఉంది. డబ్బు కట్టి కొన్న లైసెన్స్ పొట్టలో పెట్టుకుని పాపం ఆర్నెల్లు దొంగదానిలా బతికిందన్నమాట. ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, అంతా తుడిచేసి, అదే ప్రో ఎడిషన్ వేశాను. కీ అడగలేదు. వైఫై తగలగానే తనంతట తనే యాక్టివేట్ అయింది.

విండోస్‌లో ఆదేశాలు కొట్టే 'రన్' డబ్బాలో 'ఎస్ఎల్ఎంజీఆర్, స్పేస్, స్లాష్, ఎక్స్‌పీఆర్' అని కొట్టి చూపించాను. షాపులోనే ఈ ముక్క కొట్టి ఉంటే గడువు తేదీ బయటపడేది. ఈసారి చిన్న డబ్బాలో 'పర్మనెంట్‌లీ యాక్టివేటెడ్' అని వచ్చింది.

బాబాయ్ ఆ డబ్బా వంక చాలాసేపు చూశాడు.

"ఒరేయ్, నాకు కూడా ఇలాంటిదేదో లోపల పెట్టించలేవూ? నవంబరు నవంబరుకీ బ్యాంకులో వేలిముద్ర పడి చావట్లేదు."